పెద్దసుబ్బమ్మ గుర్తుకట్టె

నీళ్లు ఎగువ నుంచి వస్తాయి, దిగువకు పోతాయి. జమ్మలమడుగు పక్క పెన్న ఒడ్డు పల్లెల్లో నీళ్ల గురించి ఇంతకు మించి ఎవరూ ఆలోచించరు. ఆలోచించడానికి ముందు నీళ్లుండాల గదా! ఏడాదికి పది నెలలు ఏట్లో ఉండేది ఇసుకే. ఎప్పుడో ఎగువన వానపడి ఏరొస్తే రెండు రోజులు ఒడ్డున నిలబడి చూస్తారు, మూడో రోజు ఎవరి పనికి వాళ్లు పోతారు.

పెద్దసుబ్బమ్మ పుట్టింది ఆ ఏరు కూడా లేని చోట, పులివెందులకు మూడు మైళ్ల అవతల. నాయన గొర్రెల కాపరి. వంకల్లో ఇసుక తవ్వి, చెలమ చేసి, మందకు నీళ్లు తాపేవాడు. ఆయన వెంట తిరిగి కూతురు ఆ విద్య పట్టుకుంది. తెల్లారి ఇసుకను గుప్పిట్లో పిసికి, అది ఎంతసేపు ముద్దగా నిలుస్తుందో చూసేది, వాసన చూసేది, "ఈడ తవ్వు నాయనా" అనేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు నీళ్లు పడేవి. తక్కిన రెండుసార్లూ నువ్వు తవ్వింది చాల్లేదని నాయన్నే తిట్టేది. అంత మొండిది.

పెండ్లీడుకు మేనమామ పుల్లన్నకిచ్చి చేసినారు. అట్ల పెన్న ఒడ్డుకొచ్చింది. పుల్లన్నకు తొంభై గొర్రెలు. మెతక మనిషి, మాట తక్కువ. "మా సుబ్బి చెప్పింది" అనేది ఆయనకు ఊతపదం. ఆడదాని మాటకు తలూపుతాడని ఊళ్లో నవ్వితే, "నేను తలూపితే నీళ్లు పడతాండాయి, మీరు ఊపకుండా ఏం సాధించినారప్పా?" అని అడిగేవాడు. ఎండాకాలం ఒకటి దాటేసరికి నవ్వినోళ్లు కూడా గడ్డపార పట్టుకోని వచ్చి, "యాడ తవ్వమంటావమ్మా?" అని ఆమె ముందర నిలబడినారు.

చెలమల కంటే ఆమెకు పెద్ద పేరు తెచ్చింది గుర్తుకట్టె. ఎండాకాలం అక్కడివాళ్లు మందను ఏటి ఇసుకలోనే పడుకోబెడతారు. గాలి ఆడుతుంది, తోడేలొస్తే దూరంనుంచే కనబడుతుంది. ఏట్లో సన్నగా పారే పాయ అంచున ఒక కట్టె గుచ్చి పెడతారు. నీళ్లు ఆ కట్టెను దాటి పైకొచ్చినాయంటే యాడో ఎగువన వాన పడినట్టు. అప్పుడింక చర్చల్లేవు. మబ్బుందా లేదా అని ఆకాశం కూడా చూడరు. "ఎత్తండి మందను!" అని కేక పడాల, మంద ఊరి ఒడ్డుకు దాటిపోవాల. పెన్న ఒకసారి లేచిందంటే రెండు మూడు రోజులు పెరగడమే గానీ తగ్గడం తెలీదు. తడుముకున్నోడు మందను పోగొట్టుకుంటాడు. ఆ కేక వేసే పని పెద్దసుబ్బమ్మది. పన్నెండేండ్లలో నాలుగుసార్లు వేసింది. నాలుగుసార్లూ ఒక్క గొర్రెపిల్ల కూడా కొట్టుకుపోలేదు.

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు వానలు మొహం చాటేసినాయి. చెలమలు మనిషి లోతుకు దిగినాయి. గొర్రెలు తుమ్మకాయలకు కూడా కొట్లాడుకుంటున్నాయి. "ఏరెంబడే తూరుపుకు పోదాం మామా. ఏరు యాడికి పోతాదో ఆడ గడ్డుంటాది" అంది పెద్దసుబ్బమ్మ. పుల్లన్న తలూపినాడు. ఆయన తమ్ముడు గోవిందు తన మందను కలిపినాడు. ఇంకో రెండు కొట్టాలవాళ్లు కూడా బయల్దేరినారు.

పొద్దుటూరు అంగట్లో ఆమె జీవాలు నాకేదానికి ఒక సంచి ఉప్పు కొనింది. సముద్రానికి ఉప్పు మోసుకుపోయిన మనుషులు బహుశా వీళ్లొక్కరే. చెన్నూరు, సిద్ధవటం దాటి, కొండల సందున దూరి, నెల్లూరును పక్కన పెట్టి, ఇరవై రెండో రోజుకు సముద్రం చూసినారు. మగవాళ్లు నోళ్లు తెరుచుకోని నిలబడిపోయినారు. పెద్దసుబ్బమ్మ మాత్రం చీర దోపుకోని పోయి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకోని, థూ అని ఊసేసింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక్క గొర్రెకు తాపేదానికి పనికిరాదు. ఎందుకు ఇది?" అని సముద్రాన్ని తిట్టింది.

అక్కడి రైతులు పైర్ల పక్కకు మందను రానీయలేదు. గడ్డి ఉండేదల్లా ఒక ఇసుకదిబ్బ మీదే. ముందర సముద్రం, వెనక ఉప్పునీళ్ల పాయ, రెండు కొసలా పాయ సముద్రంలో కలిసే చోట్లు. ఆ కలిసే చోటును అక్కడివాళ్లు మొగ అంటారు. ఉత్తరం మొగకు కొంచెం లోపలగా ఇసుక మేటవేసి నీళ్లు మోకాలి లోతే ఉంటే, అక్కడ మందను దాటించి దిబ్బ మీదికి ఎక్కించినారు. ఆ పొద్దు మాఘ బహుళ అష్టమి. తిథితో మాకేం పనని వాళ్లు అప్పుడు అనుకున్నారు.

దిబ్బ మీద ఆమె మొదటి చెలమ రొమ్ము లోతు తవ్వింది. నీళ్లు పడినాయి, ఉప్పు విషం! పెన్నలో లోతుకు పోయేకొద్దీ తియ్యగుంటాయి, ఇదేం చోద్యమని తల పట్టుకుంది. అప్పుడొచ్చింది ఈశ్వరమ్మ, ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకోని. పాయ అవతల ఒడ్డున చేపలు పట్టేవాళ్ల పల్లె ఆమెది. గుంతలోకి తొంగిచూసి పగలబడి నవ్వింది.

"ఏమ్మే, బావి తవ్వతా ఉండావా? వాన నీళ్లు తేలిగ్గా పైనుంటాయి, కింద సముద్రం ఉంటది. జానెడు తోడు, చాలు. ఆశపడ్డావంటే ఉప్పే."

పెద్దసుబ్బమ్మకు రోషమొచ్చింది గానీ జానెడే తవ్వింది. తియ్యటి నీళ్లు. ఇసుక దగ్గర ఓడిపోవడం ఆమెకదే మొదలు. ఆ రోషంలో ఈశ్వరమ్మను ఇంకో మాట అడగలేదు. అడిగుంటే ఈ కథే లేదు.

పాయ అంచున గుర్తుకట్టె గుచ్చింది. మొదటి మూడు నాలుగు రోజులు నీళ్లు కట్టె దగ్గర జానెడు ఎక్కడం, జానెడు దిగడం చూసింది. అలలు ఆడుకుంటున్నాయిలే అనుకుంది. గొర్రెలకు గడ్డి, చెలమలో నీళ్లు. పుల్లన్న మొహం తేటపడింది. "మా సుబ్బి చెప్పింది, తెచ్చింది" అని పాయ దగ్గరికొచ్చే చేపలోళ్లందరికీ చెప్పుకున్నాడు.

శివరాత్రి వెళ్లిన మరునాడు అమావాస్య. పొద్దు మొలిచే యాళకు లేచి చూస్తే కట్టె కొస మాత్రమే కనబడుతుంది. చూస్తుండగానే అదీ మునిగింది. నీళ్లు లేస్తున్నాయి. పెన్న పాఠం ప్రకారం ఇక్కణ్ణుంచి పెరగడమే. దిబ్బ మునగక ముందే, పాయ లోతు కాక ముందే దాటాల.

"ఎత్తండి మందను!"

కేక పడగానే అందరూ లేచినారు. పుల్లన్న పెద్ద పొట్టేలు కొమ్ములు పట్టుకోని మొగ దగ్గరికి పోయినాడు, అది దిగితే తక్కినవి దాని వెనక దిగుతాయి. నీళ్లంచున ఆగి, ఒక ఎండుపుల్ల తీసి నీళ్లలో వేసినాడు.

"సుబ్బీ, ఎగువ మబ్బే లేదు. ఈ పుల్ల సూడు, ఎనక్కి పోతాంది. సముద్రం పక్క నుంచి లోపలికి పోతాంది."

"పుల్లల్ని సూసే టైమా మామా ఇది? దిగు!"

పుల్లన్న తలూపి దిగినాడు.

నడుం లోతుందనుకున్నది, నడిమధ్యకు పోయేసరికి రొమ్ములకొచ్చింది. ఒరవడి అడుగు నిలవనీయలేదు. గొర్రెలు భయపడి ఒకదాని మీదొకటి ఎక్కినాయి, ముందరున్న పుల్లన్న మీదికెక్కినాయి. పొట్టేలు కొమ్ములు వదల్లేదాయన. తెల్లటి వీపులు, కొమ్ములు, నెత్తిన ఎర్ర తువ్వాలు, అన్నీ కలిసి ఒక్కసారి తిరిగి మునిగినాయి. దిబ్బ మీద వెనక నుంచి మందను తోలుతున్న పెద్దసుబ్బమ్మ చేతికట్టె పారేసి పరుగెత్తింది.

పరుగెత్తింది సముద్రం పక్కకు. ఏట్లో పోయినవాణ్ణి దిగువకే గదా వెతకాల! మొగ కొసదాకా ఉరికింది. అలలు తెల్లగా విరిగే చోట నడుం దాకా దిగి, "మామా! ఓ మామా!" అని అరిచింది. గోవిందు ఆమె వెనకే దిగి, "అన్నా!" అని అరిచినాడు. అక్కడ నురుగు తప్ప ఏమీ లేదు. అవతలి ఒడ్డు నుంచి ఈశ్వరమ్మ గంప కిందపడేసి చేతులు ఊపుతూ అరుస్తుంటే, ఆ మాటలు వినబడడానికి చాలాసేపు పట్టింది.

"బయటకి కాదమ్మే! పోటు లోపలికి లాగతా ఉంది! లోపల చూడండి, లోపల!"

మగవాళ్లు చేపలోళ్ల పడవేసుకోని పాయలో పైకి పోయినారు. మైలు లోపల, మడచెట్ల వేళ్ల నడుమ పుల్లన్న దొరికినాడు. చెయ్యి పొట్టేలు కొమ్ముకే ఉంది. రెండింటికీ ప్రాణం లేదు. ఆయన్ని పడవలో తెచ్చే యాళకు పాయ మళ్లీ పిక్కల లోతుకు వచ్చేసి, గుర్తుకట్టె ఎప్పటిలాగే ఇసుకలో నిలబడి ఉంది.

చేపలోళ్ల పెద్దలు ఒప్పుకుంటే మొగకు ఉత్తరపు గట్టు మీద ఆయన్ని పూడ్చిపెట్టినారు. మిగిలిన మందతో జమ్మలమడుగుకు తిరిగొచ్చినారు. దారంతా గోవిందు వదినతో మాట్లాడలేదు. ఊరికొచ్చినాక కూడా ముక్తసరే. ఆమె కంట్లో నీళ్లు రాలేదని ఆడవాళ్లు గుసగుసలాడినారు. రాలేదు మరి, నిజమే. లోపలంతా పిడచగట్టుకోని పోయింది. ఎండాకాలంలో చెలమ తవ్వేటప్పుడు ఆమెను ఎవరూ పిలవలేదు. పిలిచినా పోయేది కాదు.

ఆమెను తొలిచేది ఒక్కటే. నీళ్లు లేచినాయి, తాను కేకేసింది. అది తప్పెట్లయింది? పెన్నలో తప్పు కాని మాట ఆడ ఎందుకు తప్పయింది?

రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటేడు మళ్లీ కరువు. మళ్లీ దిబ్బ తప్ప దిక్కు లేదు. ఈసారి మందపెద్ద గోవిందు. "నువ్వొద్దు వదినా" అన్నాడు.

"నేనొస్తా. వంట చేస్తా, ఎనక నడుస్తా. మాట మాత్రం చెప్పను" అందామె.

సముద్రం దగ్గరికొచ్చి చూస్తే మొగ అక్కడ లేదు! పుల్లన్న మునిగిన చోట గట్టి ఇసుక, దాని మీద తీగలల్లుకోని ఊదారంగు పూలు. మొగ రెండు ఫర్లాంగులు ఉత్తరానికి జరిగింది. ఆయన్ని పూడ్చిన గట్టు ఉండాల్సిన చోట నీళ్లు పారుతున్నాయి. ఈశ్వరమ్మ ఆమె చెయ్యి పట్టుకోని చెప్పింది.

"దాపరికం ఎందుకమ్మే. మొన్నటేడు కోసుకుపోయింది. అలలు ఏటవాలుగా వచ్చి, దక్షిణం ఇసుకను ఉత్తరానికి తోస్తా ఉంటాయి. ఈ ఒడ్డు పెరిగితే మొగ ఆ ఒడ్డును తింటది. పెద్ద వరదొస్తే మళ్లీ యాడో సూటిగా తెగతది. మా ఆయన పడవ కట్టే గుంజ ఏటేటా మారస్తాడు. ఇది నిలిచే నేల కాదు."

పెద్దసుబ్బమ్మ ఆ పారే నీళ్లకే దండం పెట్టుకుంది. తర్వాత, మూడేండ్ల కిందట అడగాల్సిన మాట అడిగింది. "అక్కా, ఈ నీళ్ల సంగతేంది? నాకు మొదటి నుంచి చెప్పు."

గోవిందు వాళ్లు అవతల, ఆ యేడు పైరు పెట్టని బీళ్లలో మందను తిప్పుతుంటే, ఆమె పదహైదు రోజులు పాయ ఒడ్డున కట్టె గుచ్చుకోని కూర్చుంది. నీళ్లు ఎక్కిన చోటల్లా కట్టె మీద కొడవలితో గాటు పెట్టింది. రోజుకు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఈ పొద్దు ఎక్కిన యాళ కంటే రేపు రెండు గడియలు ఆలస్యం. అష్టమికి గాటు అడుగున, పున్నమికీ అమావాస్యకూ పైన. దిబ్బ నడినెత్తిన ఆల్చిప్పలూ ఎండునాచూ వరసగా పడుండే గీత ఒకటుంది. తుఫాను లేకుండా నీళ్లు ఆ గీతను ముట్టవని ఈశ్వరమ్మ చెప్పింది. చెప్పిందని ఊరుకోలేదీమె, పున్నమి పొద్దున పోయి గీత పక్కన కూర్చోని కళ్లారా చూసొచ్చింది. ఆ మొదటిసారి వాళ్లు వచ్చింది అష్టమికి. అందుకే నీళ్లు ఆడుకుంటున్నట్టు కనబడినాయి. అమావాస్యకు అసలు సంగతి బయటపడింది.

ఇదంతా గోవిందుకు చెప్పబోతే, "సాల్లే వదినా. నీ మాటిని ఒకసారి బాగుపడినాం" అన్నాడు. బీళ్లలో గడ్డి అయిపోయినాక ఒక అష్టమి పొద్దున మందను దిబ్బ మీదికెక్కించినాడు. ఆమె మాటిచ్చినట్టే వెనక నడిచింది.

వారానికి అమావాస్య వచ్చింది. ఆ పొద్దు తూర్పు గాలి కూడా తోడైంది. పొద్దు మొలిచేసరికి పాయ ఇటు నుంచి, అలలు అటు నుంచి దిబ్బను కొరుకుతున్నాయి. పన్నెండేండ్లు వదిన నోటి నుంచి విన్న కేకే గోవిందు నోటి నుంచి వచ్చింది.

"ఎత్తండి మందను!"

మంద కదిలి మొగ పక్కకు తిరిగింది. పెద్దసుబ్బమ్మ అందరి కంటే ముందు ఉరికి, గొర్రెలు దిగే చోటుకు అడ్డంగా ఇసుకలో కూలబడింది.

"దిగొద్దు. గీత మీదికి తోలండి, ఊరికే కూచోండి. ఇది దిగిపోతాది."

"లెయ్ వదినా!"

"లెయ్యను. దాటాలంటే నన్ను తొక్కి దాటండి."

"మా అన్నను మింగింది నీ మాటే!" గోవిందు అరిచినాడు. "ఇప్పుడు మందను గూడా మింగాల్నా?"

"అవును, నా మాటే మింగింది. ఎత్తమన్న మాట. అదే మాట ఇప్పుడు నీ నోట్లో ఉండాది. గోవిందూ, నీ కాళ్లకు మొక్కుతా, ఆ మాట మింగెయ్."

తక్కినవాళ్లు గోవిందు మొహం చూసినారు. ఆయన ఏమనుకున్నాడో ఏమో, వెనక్కి తిరిగి మందను గీత మీదికి తోలినాడు. గొర్రెపిల్లల్ని గొంగళ్లలో మూటగట్టి భుజాన వేసుకున్నారు. పెద్దసుబ్బమ్మ మాత్రం నీళ్లంచునే కట్టె దగ్గర కూర్చుంది. నీళ్లు ఆమె ఒళ్లోకొచ్చినాయి. పైగాటును ముట్టుకున్నాయి. ముట్టుకోని, ఒక వేలెడు దాటినాయి!

గాలి సంగతి లెక్కేసుకోలేదే! పదహైదు రోజుల గాట్లు అబద్ధమైతే ఇంతమంది గతేంది? లేచి కేకేద్దామా అని మోకాళ్ల మీదికొచ్చింది. వచ్చి, పక్కనున్న ఎండుపుల్ల ఒకటి తీసి నీళ్లలో వేసింది. పుల్ల లోపలికి పోయింది. మళ్లీ ఒకటి వేసింది. అదీ లోపలికే, మెల్లగా. మూడోది వేసింది. అది ఎటూ పోకుండా ఉన్న చోటే తిరగసాగింది. నాలుగోది కొంచెంసేపు తటపటాయించి, సముద్రం పక్కకు కదిలింది.

"దిగుతాండాయి" అంది. మొదట ఎవరికీ వినబడలేదు. మళ్లీ అరిచింది. "గోవిందూ! నీళ్లు దిగుతాండాయి!"

దిబ్బ మీద మగవాళ్లు కేకలేసినారు, ఒకరి భుజాలు ఒకరు పట్టుకోని ఊగినారు. ఒక్క గొర్రె పోలేదు. గోవిందు పరుగున వచ్చి వదిన పక్కన కూలబడినాడు. ఆమె కట్టె మీది గాట్లు వేలితో తడిమినాడు.

పెద్దసుబ్బమ్మ పోతున్న పుల్లనే చూస్తోంది. "గోవిందూ, మనం కూచోని ఎంతసేపయింది?"

"నాలుగు గడియలుంటాది వదినా."

"నాలుగే గదా?"

"అంతే."

"ఆ పొద్దు గూడా ఇంతే అబ్బీ. నాలుగు గడియలు ఊరికే కూచోనింటే చాలు. మామ పుల్లేసి సూపిచ్చినాడు. ఎనక్కి పోతాందని చెప్పినాడు. నేనే దిగమంటి."

అప్పుడొచ్చినాయి ఆమెకు కన్నీళ్లు, మూడేండ్లవి. నోటికి కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, "మామా, ఓ మామా" అని ఏడ్చింది. గోవిందు ఆమె చెయ్యి పట్టుకోని కూర్చున్నాడు. పాయ పిక్కల లోతుకు దిగింది, దాటడానికి దారి పడింది. ఆమె లేచేదాకా ఎవరూ మందను ఎత్తమనలేదు.